తొమ్మిదీ ఒకటీ

మొన్న ఆదివారం హిందూపురంలో, మా తమ్ముని కూతురి వెంట వెళ్ళిన ఒక హాల్లో, సోల్డరింగు పేస్టు కాలే వాసన తగిలింది. పేకముక్కంత కంప్యూటర్ బోర్డులు ముందు పెట్టుకుని పిల్లలు గుంపులుగా కూర్చున్నారు. ఆ వాసన నన్ను పెనుకొండ బస్టాండు పక్కన, నాతో చదివే షమీం అనే పిల్ల వాళ్ళ నాయన నడిపే రేడియో రిపేరు అంగడికి లాక్కుపోయింది. ఎనభైల నాటి మాట. ఇద్దరం తొమ్మిదో తరగతి.

అప్పట్లో ఊళ్ళో లెక్కంటే నేనే. ముప్పైఏడో ఎక్కం వెనక నుంచి కూడా అప్పజెప్పేవాణ్ణి. ఉడికించిన శెనక్కాయలు అమ్మే అవ్వ మొదలుకొని బస్సు కండక్టరు దాకా, "ఏమప్పా, పదిహేడు పంతొమ్మిదులెంత?" అని నిలేసేవాళ్ళు. మూడువందల ఇరవైమూడని నడక ఆపకుండానే చెప్పి పోయేవాణ్ణి.

ఆ ఏడు దీపావళి సెలవుల్లో, మిద్దెలన్నిటి మీదా శెనక్కాయలు ఎండుతూ ఊరంతా పచ్చిమట్టి వాసన కొడుతున్నప్పుడు, పాలిటెక్నిక్ చదివే షమీం వాళ్ళన్న పలకంత కంప్యూటర్ బోర్డొకటి తెచ్చాడు. దానికి తెర లేదు. ఆరు ఎర్రటి అంకెలు, కొన్ని మీటలు, అంతే. కరెంటు పోతే అన్నీ మరిచిపోయేది. షమీం మాత్రం కాగితంలో రాసుకున్నది చూడకుండానే, అది చేయాల్సిన పనంతా మీటలు నొక్కి మళ్ళీ ఎక్కించేది. జనం ఆ ఎర్రటి వెలుగు చూడడానికి అంగడి ముందు మూగారు. నన్ను నిలేసేవాళ్ళు లేరు. నాకు అన్నం సయించలేదు.

ఆ పిల్ల నా దగ్గర ఏదీ దాచలేదు. "ఈడ తొమ్మిది తర్వాత ఇంగ్లీషు అక్షరం ఏ అని వస్తాది. అదే పది. ఎఫ్ అయిపోయినాకనే ఒకటీ సున్నా. మనకు పదికొక కట్ట, దీనికి పదహారుకొక కట్ట, అంతే" అంది. ఇంటికి పోయి ఆ లెక్కలో రెండో ఎక్కం, మూడో ఎక్కం రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

సెలవులైనాక ధర్మవరంలో సైన్సు ఫెయిరుకు షమీం ఆ బోర్డు తీసుకుపోతే, తోడుగా నేనూ పోయాను. అక్కడ గెలిచి జిల్లాకు పోతే బోర్డు ఏడాదంతా చెల్లెలి దగ్గరే ఉంచుతానని, లేకపోతే హాస్టలుకు తీసుకుపోతానని వాళ్ళన్న మాట. ప్రైజు ఎవరికో తేల్చే సారు వచ్చి తొమ్మిదికి ఒకటి కలపమన్నాడు. ఏ అని వెలిగింది.

"ఏమ్మా, అక్షరమొచ్చిందే. చెడిపోయిందా?"

"లేదు సార్, అది పదే. దీని లెక్కలో అట్లే రాస్తాది."

సారు నవ్వి నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, లెక్కలోడివంట కదా. నువ్వు చెప్పు."

షమీం నా వైపు చూసింది, ధైర్యంగానే.

"తొమ్మిదీ ఒకటీ పది సార్. ఈడ పది యాడుండాది?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ప్రైజు, అగ్నిపర్వతమని ఎవరో చేసిన, సోడా పొంగే మట్టికొండకు పోయింది. తిరుగు రైల్లో షమీం, "నీకు తెల్సు కదా" అంది, అంతే. వారానికి బోర్డు హాస్టలుకు వెళ్ళిపోయింది. ఆ పదహార్ల లెక్కను నేనూ మళ్ళీ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ అంగడి చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. వాళ్ళు ఏ ఊరు పోయారో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. బస్టాండులో లెక్క అడిగేవాళ్ళూ లేరు. మొన్న హిందూపురం హాల్లో ఒక పిల్ల బోర్డు మీద దీపం వెలగకపోతే నలుగురు వంగి తీగ సరిచేశారు.

"ఫస్టు ప్రైజు ఎవరికిస్తారమ్మా?" అన్నాను.

"ప్రైజేంది పెద్దనాయనా, ఊరికే చేసుకుంటాం" అంది మా తమ్ముని కూతురు.

ఆ పిల్లల మీద కూడా నాకు అసూయ పుట్టింది. ధర్మవరంలో ఆ రోజు ప్రైజు లేకపోయుంటే నిజం చెప్పేవాణ్ణేమో అనుకున్నాను. ఎన్నిసార్లు లెక్క వేసినా, చెప్పేవాణ్ణని తేలలేదు.