చీర పెట్టి తీసుకునే సంతకం

నారాయణగూడలో ఒక దస్తావేజుల షాపులో ఇరవై ఏళ్లుగా టైపు కొడుతున్నాను. అమ్మకాలు, కిరాయి ఒప్పందాలు, వీలునామాలు, ఏది వచ్చినా కొడతాను. హక్కు విడుదల పత్రం వస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. తండ్రి పోయాక ఆడపిల్లలు ఇంట్లో తమ వాటా వదులుకుంటూ అన్నదమ్ములకు రాసిచ్చే కాగితం అది. మా దగ్గర ఒక పాత నమూనా ఉంది, పేర్లు మార్చి అదే కొడతాం. వాటాకు బదులు పసుపు కుంకుమలు ముట్టాయనీ, ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నాననీ ఉంటుంది అందులో. ఆ ఆడవాళ్లు అన్న పెట్టిన కొత్త చీర కట్టుకుని వస్తారు. చదువుకోమ్మా అని కాగితం చేతికిస్తే, "మా అన్న రాయించినంక నేను చదువుడేంది" అని నవ్వి సంతకం పెడతారు. చదివితే అన్నను అనుమానించినట్టట! ఇన్నేళ్లూ నోరు మూసుకుని కొట్టాను కాబట్టి నన్ను కూడా తిట్టుకోవాల్సిందే.

పోయినేడు మా తమ్ముడే వచ్చాడు, అదే కాగితం కోసం.

చిక్కడపల్లిలో మా ఇల్లు నాన్న కట్టింది. అమ్మ ముందే పోయింది, ఆయన వీలునామా రాయకుండా పోయాడు. కాబట్టి పెద్దక్కకూ నాకూ తమ్ముడికీ సమాన వాటాలు. కింద తమ్ముడి కుటుంబం ఉంటుంది. మేడ మీద రెండు గదుల్లో పెద్దక్క ఉంటుంది. పిల్లలు లేరు, బావ పోయాడు, నాన్నే పిలిచి ఆ గదులిచ్చాడు. మిషన్ మీద జాకెట్లు కుట్టి ఎవరికీ బరువు కాకుండా బతుకుతోంది. ఆమెకు ఇంకెక్కడా చోటు లేదు.

తమ్ముడు రెండు పట్టుచీరలున్న సంచి నా టేబుల్ మీద పెట్టాడు.

"చిన్నక్కా, జర మన ఇంటి కాగితం కొట్టియ్యి. మీరిద్దరు సంతకాలు పెడితే మేడ మొత్తం హాస్టలోళ్లకిస్త. అశోక్ నగర్‌ల పరీక్షలకు చదివే పిల్లలకు జాగ దొరుకుతలేదు."

"మరి పెద్దక్క యాడుంటది?"

"మెట్ల కింద గది లేదా? ఒక్క మనిషే గదా."

అక్కడ అమ్మ బొగ్గుల బస్తాలు వేసేది. కిటికీ లేదు, నిటారుగా నిలబడితే తల తగులుతుంది. చంకనెత్తుకుని పెంచిన అక్కను అందులో పడుకోబెడతాడట! సిగ్గుండాలి మనిషికి! షాపు నిండా జనం ఉన్నారని పళ్లు బిగబట్టి టైపు కొట్టాను. నమూనాలో లేని ఒక్క పేరా మాత్రం చేర్చాను. బతికున్నన్నాళ్లూ పెద్దక్క మేడ మీద ఆ రెండు గదుల్లోనే ఉంటుంది, ఆమెను ఖాళీ చేయించే హక్కు ఎవరికీ లేదు అని. చదువుకోమని తమ్ముడి ముందు పెట్టాను.

"నువ్వు కొట్టినంక నేను చూసుడేంది అక్కా" అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

సాయంత్రం ఆ కాగితం పెద్దక్క దగ్గరికి తీసుకెళ్లాను. నమ్ముతారో లేదో, ఆమె చదివింది. అద్దాలు పెట్టుకుని, ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ చదివింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చేర్చిన పేరా దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇదేందే?"

"నీ కోసమే. రేపు నిన్నెవ్వరు కదిలియ్యకుండ."

"తీసెయ్యి."

"అక్కా, నీకేమన్న పిచ్చా? నిన్ను మెట్ల కింద పండవెడ్తడట!"

"పండుకుంట. ఏమైతది? ఇది చూస్తే వాడేమనుకుంటడు? అక్క నన్ను నమ్మలేదనుకోడా? రేపు నేను పోతే కొరివి పెట్టేటోడు వాడేనే."

ఎన్నడో రాబోయే చావు కోసం ఇప్పటి బతుకును రాసిచ్చేస్తానంటోంది మా అక్క! ఇల్లు వాడొక్కడిది కాదని అరిచాను. కింద వినబడుతుందని ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. చేసిందంతా తమ్ముడైతే, భయపడుతున్నది ఆమె.

నేను కిందికి దిగి తమ్ముడి ముందే ఆ పేరా పైకి చదివాను. అది ఉంటేనే నా సంతకం, లేకపోతే లేదు అన్నాను. వాడి ముఖం నల్లబడింది. "సొంత తమ్ముని మీద కాగితాలు పుట్టిస్తవా?" అని ఎగిరాడు. కోర్టుకు పొమ్మన్నాను. ముగ్గురి సంతకాలు లేనిదే ఇల్లు తీసుకోబోమని హాస్టల్ వాళ్లు వెళ్లిపోయారు. అక్క మేడ మీదే ఉండిపోయింది. ఆ రోజు నుంచి నా ఫోన్ ఎత్తడం మానేసింది.

పోయిన నెల ఉండబట్టలేక వెళ్లాను. గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. అక్క మేడ మీద పిట్టగోడ దగ్గర కుట్టిన జాకెట్లు మడత పెడుతోంది.

"అక్కా, తాళం తియ్యి."

నన్ను చూసింది. చేతిలో జాకెట్టు మడత పూర్తి చేసింది.

"తమ్ముడు ఇంట్ల లేడు. వాన్ని అడగకుండ నిన్నెట్ల రానియ్యాలె?" అంది.

నేను సంతకం పెట్టనందుకే తనకు మిగిలిన ఆ రెండు గదుల్లోకి వెళ్లి, తలుపేసుకుంది.