కొమురక్క గొంతు పగిలే చోటు

మొన్న మా వీధిలో వినాయక మండపం దగ్గర ఆర్కెస్ట్రా పెట్టారు. జనగామలో నాకున్న చిన్న సౌండ్ దుకాణం షట్టర్ దించి, ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాను. ఎవరో అమ్మాయి పాడుతోంది. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా ఆమె గొంతు సన్నగా చీలుతోంది. చీలగానే మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు ఆ గొంతును కిందికి లాగేసి, ప్యాడ్స్ మోతను పైకి తోస్తున్నాడు. పని నేర్చినవాడే. ఎక్కడా మచ్చ కనబడనివ్వడం లేదు. నా వేళ్లు మాత్రం అన్నం ముద్దను వదిలేసి, కంచం అంచు మీద తమంతట తామే పైకి జరిగాయి. కొమురక్క ఉండి ఉంటే వాణ్ని మైకులోనే తిట్టేది.

కొమురక్క అంటే మీకు తెలియదు. టీవీలోకి పోలేదు, పాటలు ఎక్కడా రికార్డు కాలేదు. జనగామ చుట్టుపక్కల వినాయకుడి దగ్గర, బతుకమ్మ దగ్గర, పెళ్లిళ్లలో పాడే ఒక బృందానికి యజమానురాలు. ముక్కుకు పెద్ద పుడక, భుజాన వేడినీళ్ల ఫ్లాస్కు. స్టేజీ కడుతున్నంతసేపూ స్పీకర్ పెట్టె మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడకుండా చూసేది. ఆమె దగ్గర నేను పని చేసిన మొదటి వారం గురించే ఇక్కడ రాస్తున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమెతో తిరిగాను గాని, నేర్చుకున్నదంతా ఆ వారంలోనే ఉంది.

మా ఊరు రేగొండ నుంచి టేకుమట్ల వైపు వెళ్లే దారిలో ఉంది. మా తాత రంగారావు దొర. ఆయన పేరే నాకు పెట్టారు. మా గడీలో, అంటే దొరలు కట్టుకున్న కోటలాంటి ఇంట్లో, ఇప్పుడు ముందరి దర్వాజా, దాని పక్క కొంత గోడ మాత్రం మిగిలాయి. భూములు కొన్ని కోర్టుల్లో, కొన్ని నాన్న చేసిన వ్యాపారాల్లో పోయాయి. అందుకు నేను ఎవరినీ నిందించను, ఎవరి జాలీ కోరను. డిప్లొమా చదివి, జనగామలో ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణంలో పని చేసేవాణ్ని. ఆ దుకాణం మూతపడినప్పుడు, కొమురక్క బృందానికి మిక్సర్ చూసే మనిషి కావాలని విని ఆమె ఇంటికి వెళ్లాను. పని అడగడానికి వెళ్లాను గాని తల వంచడానికి వెళ్లలేదు. ఆ సంగతి ఆమెకు మొదటే తెలియాలని అనిపించింది.

ఎవలోళ్లు అని అడిగింది. ఊరూ వంశమూ చెప్పాను. అంతటితో ఆగితే బాగుండేదేమో, ఆగలేదు. పాటంటే మా వంశానికి కొత్త కాదని, మా తాతకు పాటంటే ఎంత ప్రాణమో చెప్పాను. ఊరికి వచ్చిన ఒక గాయకుణ్ని దర్వాజా ముందు నిలబెట్టి, తెల్లవారినప్పటి నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా పాడించుకున్నాడట. ఆ రోజు అన్నం కూడా మరిచాడట. మా ఇంట్లో పండుగకో పబ్బానికో ఎవరో ఒకరు ఈ కథ చెప్పకుండా ఉండరు.

కొమురక్క చాయ గ్లాసు కింద పెట్టింది. "పాడినాయన పేరు ఎరుకనా?" అంది.

"ఎరుక లేదు" అన్నాను.

"రేపు పొద్దుగాల రా దొరా. వారానికి సరిపోయే బట్టలు తెచ్చుకో."

పని ఏమాత్రం వచ్చో అడగలేదు. ఇంతకు ముందు ఎక్కడ చేశానో అడగలేదు. ఊరూ వంశమూ విని పని ఇచ్చింది. మా వాళ్ల పేరు విని పని ఇవ్వనివాళ్లను చూశాను. ఇచ్చేవాళ్లను అంతవరకు చూడలేదు. ఆ రాత్రి నాకు అనుమానం పట్టుకుంది.

మొదటి ప్రోగ్రాం జనగామలోనే. సామాను దించేటప్పుడు ఆమె అందరి ముందు "దొరా, గా పెట్టె జర అందుకో" అంది. ఢోలక్ వాయించే యాదగిరి తల పక్కకు తిప్పుకొని నవ్వాడు. పెట్టె అందుకున్నాను. నా పేరు రంగారావు, పేరు పెట్టి పిలవమన్నాను. ఆ పేరు తన నోటికి రాదని చెప్పి వెళ్లిపోయింది. ఎందుకు రాదో చెప్పలేదు. ఎగతాళి అనుకోవడానికి ఆమె ముఖంలో నవ్వు లేదు. మర్యాద అనుకోవడానికి మనసొప్పలేదు.

ఆ రాత్రి ఆమె గొంతు రెండుమూడు చోట్ల పగిలింది. నేను చాకచక్యంగా ఆమె మైకు ఫేడర్‌ను, అంటే మిక్సర్ మీద పైకీ కిందికీ జరిగే మీటను, కిందికి లాగి కప్పేశాను. జనానికి తెలియలేదు. మెచ్చుకుంటుందనుకున్నాను. ప్రోగ్రాం అయ్యాక నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"నా గొంతు ఎందుకు గుంజినవ్?"

"పగిలింది అక్కా. కనబడకుండ చేసిన."

"పగిలిన కాడ్నే పాట ఉంటది. దాస్తే ఇగ జనం ఏం వింటరు? మీ ఇండ్లల్ల అన్నీ దాసుడేనా?"

చివరి మాట నాకు తగిలింది. ఇది మిక్సర్ గురించిన మాట కాదు, మా ఇంటి గురించిన మాట. వంగి వైర్లు చుట్టాను. మర్నాటి నుంచి ఆమె గొంతు పగిలితే పగలనిచ్చాను. జనం నిజంగానే ముందుకు జరిగి విన్నారు. అది నాకు నచ్చింది, నచ్చినందుకు కోపం కూడా వచ్చింది.

మహబూబాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు వెనక గదిలో దిగాము. పగలంతా నిద్ర, రాత్రంతా పాట. రైళ్ల మోతకు నాకు నిద్ర పట్టక బయటికి వస్తే, కొమురక్క, యాదగిరి ఏదో కొత్త పాట మెల్లగా కట్టుకుంటున్నారు. నన్ను చూడగానే ఆపేశారు. ఆ సాయంత్రం కూడా అదే జరిగింది. ఢోలక్ మీద దెబ్బ నా అడుగు వినగానే ఆగిపోయింది. ఏం పాట అని యాదగిరిని అడిగితే, పాత పాటే, అక్కనే అడుగు అని తప్పించుకున్నాడు.

నేను అడగలేదు. ఆమే నన్ను అడగడం మొదలుపెట్టింది. హోటల్లో చాయ తాగుతూ, మా గడీ దర్వాజా ఇంకా నిలబడి ఉందా, అది ఏ దిక్కుకు చూస్తుంది, ముందర నీడ ఉండేదా అని అడిగింది. తూర్పుకు చూస్తుందని, ముందర చెట్టూ చేమా ఏమీ ఉండేవి కావని చెప్పాను. "నీడ లేదన్నట్టు" అని తనలో తాను అనుకుంది. ఊళ్లో మాకు మిగిలింది పేరొక్కటే. ఈవిడ దాని చుట్టూ తిరుగుతోందని నాకు అర్థమైంది. ఏం చేయబోతోందో మాత్రం అర్థం కాలేదు.

అక్కడి నుంచి భూపాలపల్లికి ప్రయాణం. డీసీఎం వ్యానులో స్పీకర్ల మధ్య కూర్చుని, బొగ్గు లారీల వెనక, వానలో వెళ్లాము. గని పనివాళ్ల కాలనీలో ఆ రాత్రి పాట బాగా పండింది. పొద్దున సామాను ఎక్కిస్తుంటే, కొమురక్క ఇంకో ప్రోగ్రాం ఒప్పుకున్నదని యాదగిరి చెప్పాడు. ఏ ఊరని అడిగితే మా ఊరి పేరు చెప్పాడు.

మధ్యాహ్నానికి ఊరు చేరాము. పంచాయతీ ఆఫీసు ముందు, గడీకి కొంచెం దూరంలోనే, స్టేజీ కడుతున్నారు. మా ఊరివాళ్లు నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టారు, ఆ తర్వాత నా చేతిలోని వైర్ల చుట్టను చూశారు. కొమురక్క ఎవరికీ చెప్పకుండా గడీ వైపు నడిచింది. వెనకే వెళ్లాను. ఏం చేస్తుందో నా కళ్లతో చూడాలనుకున్నాను.

ఆమె దర్వాజా ముందు, ఎండలో నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. నేను వచ్చినట్టు తెలిసి కూడా తిరగలేదు.

"మీ తాత పాడిచ్చుకున్నది మా నాయినతోని" అంది.

ఆమె తొందర లేకుండా చెప్పింది. ఊళ్లోకి వచ్చిన పాటగాళ్లు మొదట గడీలో పాడి, ఆ తర్వాతే వాడల్లోకి పోవాలి. అది ఇక్కడి పద్ధతి. ఆ ఏడాది వాడలో ఒక ముసలవ్వ చావుబతుకుల్లో ఉండి పాట వింటానని అడిగింది. ఆమె ఉంటుందో పోతుందోనని, వాళ్ల నాన్న మొదట అక్కడ పాడాడు. తెల్లవారి మా తాత ఆయన్ను ఈ దర్వాజా ముందు నిలబెట్టి పాడమన్నాడు. ఆపితే మళ్లీ పాడమన్నాడు. గొంతు పగిలాక, ఇక పొమ్మన్నాడు.

"మళ్ల గా గొంతు రాలే" అంది.

"మా ఇంట్ల గిట్ల చెప్పలే" అన్నాను.

"ఎట్ల చెప్తరు?"

గోడ మీద తొండ ఒకటి తల ఆడిస్తోంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాము.

"మా నాయిన దాని మీద పాట కట్టిండు, నేను గిన్ని మాటలు కలిపిన. అండ్ల మీ తాత పేరున్నది. ఇయ్యాల పాడుత. మిక్సర్ కాడ ఉంటే ఉండు, బస్సెక్కి పోతే పో. మీరు మాకు ఏదీ ముందుగాల చెప్పలే. నేను చెప్తున్న."

"దీనికోసమేనా నన్ను పనిల పెట్టుకున్నది?"

"మిక్సర్ వచ్చినోడు కావాలె. నువ్వు వచ్చినవ్."

"గంతేనా?"

"కొసకు నా గొంతు పగులుతది. మా నాయినకు పగిలిన కాడ్నే. గుంజకు" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

బస్సు ఉంది. సంచి సర్దుకున్నాను కూడా. కాని నేను బస్సెక్కితే, దొర మనుమడు పాటకు భయపడి పారిపోయాడని ఊరు అంటుంది. ఉండిపోవడానికి నాకు అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

రాత్రి ఊరంతా వచ్చింది. కొమురక్క మిగతా పాటలన్నీ అయ్యాక ఆ పాట ఎత్తుకుంది. పాటలో దర్వాజా వచ్చింది, తూర్పు ఎండ వచ్చింది, నీడ లేని నేల వచ్చింది. నేను చాయ తాగుతూ ఇచ్చిన జవాబులన్నీ అందులో ఉన్నాయి. అప్పుడు పేరు వచ్చింది. రంగారావు. తాత పేరు, నా పేరు. కూర్చున్న జనం స్టేజీని వదిలి నా వైపు తిరిగారు. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని స్టేజీనే చూశాను. ఒక్క వైరు వదులు చేస్తే చాలు. కరెంటుదో మైకుదో తప్పనుకుంటారు. ఎవరికీ తెలియదు. నా వేలు ఆ వైరును తాకింది కూడా.

ఆమె కళ్లు మూసుకుని పాడుతోంది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నన్ను నమ్మి చూడలేదో, ఏం చేస్తానో పరీక్షించడానికే చూడలేదో నాకు తెలియదు. చివరి చరణంలో, సరిగ్గా చెప్పిన చోట, గొంతు పగిలింది. నేను ఫేడర్ పైకి తోశాను. పగిలిన గొంతు గడీ గోడకు తగిలి మళ్లీ మా దగ్గరికి వచ్చింది. ముందు వరసలో ఒక ముసలాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చప్పట్లు వెంటనే రాలేదు.

జనం వెళ్లిపోయాక కొమురక్క ఫ్లాస్కు మూత తిప్పుతూ నా పక్కకు వచ్చింది. మెచ్చుకోలేదు. క్షమించానని గాని, క్షమించమని గాని అనలేదు. ఆకాశం చూసి, "రంగారావూ, వైర్లు చుట్టు. వాన వచ్చేటట్టున్నది" అంది.

ఆ తర్వాత ఆమె నన్ను దొరా అని ఎన్నడూ పిలవలేదు. పాటలో తప్ప తన నోటికి రాని ఆ పేరును నాకు ఇచ్చిందో, నన్ను కూడా మా తాతతో కలిపేసిందో తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు ఆమె లేదు. ఎవరికైనా కష్టం కలిగించే మాట చెప్పవలసి వస్తే, ముందుగా, వాళ్ల ఎదురుగా నిలబడి చెబుతాను. గొంతు పగిలితే కప్పను. ఈ రెండూ ఆమె దగ్గరివే. మూడోది ఆ పేరు పెట్టి ఎందుకు పిలిచిందోనన్న అనుమానం. ఆమెతో అన్నేళ్లు తిరిగాను, ఎన్నో ప్రయాణాల్లో పక్కనే కూర్చున్నాను, అడగడానికి ఎన్నో రాత్రులు దొరికాయి. అడిగితే దాచకుండా చెప్పేది. అందుకే అడగలేదు.