చిగుళ్ళ రంగు బటన్లు

ఆమెను వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రి వెనకగదిలో కూర్చుని ఇరవై రెండేళ్ళుగా కట్టుడు పళ్ళు తయారుచేస్తోంది కనుక ఆ పేరు వచ్చింది. సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా సంచీ పట్టుకుని వచ్చి "యాపిల్స్ ఉన్నాయా అక్కా?" అని అడిగితే, "నేను చేసిన పళ్ళతో యాపిల్ కొరకొచ్చు గానీ, యాపిల్ మాత్రం మీరే తెచ్చుకోవాలి" అంటుంది.

గది చిన్నది. కిటికీ కింద బల్ల మీద ప్లాస్టర్ దవడలు వరసగా ఉంటాయి. ఒక్కోదాని అడుగున పెన్సిల్‌తో నంబరు. పక్కన గులాబీరంగు మైనం పలకలు, పొడి డబ్బా, ముక్కు అదిరే వాసన వేసే సీసా, అచ్చులు ఉడకబెట్టే గిన్నె, సన్నగా ఈల వేసే చిన్న డ్రిల్లు. ఆ డ్రిల్లు ఆమె చేతిలో పెన్సిల్ కన్నా తేలిగ్గా తిరుగుతుంది.

కథ మొదలైంది ఆమె అన్నయ్య పళ్ళ దగ్గర. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఒకరోజు స్పానర్ జారి మూతికి తగిలి పై వరసలో ముందుపళ్ళు రెండూ రాలిపోయాయి. చెల్లెలు ఉండగా దిగులేమిటని నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరమ్మ కొలత తీసే ముద్ద నోట్లో పెట్టి, "మూడు నిమిషాలు కదలకూడదు, మాట్లాడకూడదు" అని చెప్పింది.

పళ్ళక్క కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది. అన్నయ్య నోరు మూసుకుని ఉండగా ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. అవకాశం మళ్ళీ దొరకదు.

"అది గొడుగే అన్నయ్యా" అంది.

ఆయన కళ్ళు ఇంతలేసి చేశాడు. "ఊఁహూఁ!" అని తల అడ్డంగా ఊపబోయి, డాక్టరమ్మ గుడ్లురిమితే ఆగి, చూపుడువేలు గాల్లో ఆడించాడు. అదీ చాలక డాక్టరమ్మ చీటీ లాక్కుని ఆకు బొమ్మ గీసి, కింద రెండు గీతలు కొట్టాడు.

"ఏమిటమ్మా మీ గొడవ?" అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ.

"ముప్పై రెండేళ్ళ గొడవ మేడమ్. నోట్లో పళ్ళెన్నో అన్నేళ్ళది."

వాళ్ళ చిన్నప్పుడు సైకిల్ స్టాండు పక్కన ఒక వీడియో గేమ్ దుకాణం ఉండేది. అరగంటకింత అని తీసుకుని ఆడనిచ్చేవారు. అప్పుడు ఆమెకు పన్నెండు, అన్నయ్యకు పదిహేను. ఇద్దరూ పొదుపు చేసిన చిల్లరంతా ఒకే ఒక్క ఆటకు పోసేవారు. వర్షంలో ఒక కప్ప మేడల మీదుగా దూకుతూ ఇంటికి పోవాలి. దాని తలమీద ఏదో ఉండేది. గొడుగని చెల్లెలు, ఆకని అన్నయ్య. ఏడో మేడ ఎక్కగానే ఆట బిగుసుకుపోయేది. దుకాణం ఆయన క్యాసెట్ తీసి ఉఫ్ఫుమని ఊది మళ్ళీ పెట్టినా అంతే. క్యాసెట్ మీద కాగితం చిరిగిపోయి ఆట పేరు కూడా తెలియదు. తరవాత ఆ దుకాణం జిరాక్స్ షాపయింది. ఏడో మేడ అవతల ఏముందో ఇద్దరికీ తెలియకుండానే పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టి ఎదిగారు.

ముద్ద బయటికి తీయగానే అన్నయ్య అన్న మొదటి మాట, ఊడిన పళ్ళ సందులోంచి గాలి పోతుండగా, "ఆకే!"

ఆ మర్నాటి నుంచి పళ్ళక్క మధ్యాహ్నం డబ్బా తింటూ ఫోన్లో వెతకడం మొదలుపెట్టింది. పాత ఆటలు అమ్మే దుకాణాలు సముద్రాల అవతల ఎన్నో ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఒక్కో దుకాణంలో వేల క్యాసెట్లు. ఆ లిపుల్లో ఒక్క అక్షరం ముక్క రాదు. బొమ్మలు చూసుకుంటూ పోవడమే.

ఆమె భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఆయన కుడికాలు బ్రేకు కోసం వెతుకుతూనే ఉంటుంది. ఆయన ఆమె భుజం మీదుగా తొంగిచూసి, "పేరు తెలీదు, ఊరు తెలీదు, మొహం సగమే గుర్తు. ఇదేం సంబంధమే నువ్వు చూసేది?" అన్నాడు.

"మీ సంబంధం మావాళ్ళు ఇంతకన్నా తక్కువ వివరాలతో ఖాయం చేశారు లెండి" అంది ఆమె తలెత్తకుండా.

అయిదో వారంలో దొరికింది. ఒక చిన్న దుకాణం పేజీలో, చివరి వరసలో, బొమ్మ మసగ్గా ఉంది. కానీ బూడిదరంగు పెంకుల మీద ఆ రెండు పచ్చటి వెనకకాళ్ళు ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. పక్కన రెండు మాటలున్నాయి. ఫోన్ వాటిని తిప్పి చెప్పింది: "ముందు ఉత్తరం."

ఆమె రాసింది. తాను ఎవరో, ఏం పని చేస్తుందో, ఆ ఆట ఎందుకు కావాలో ఫోన్‌కి చెబితే అది ఆ భాషలోకి మార్చి పంపింది. రెండు రోజులకు జవాబొచ్చింది. దుకాణదారు ఒక ముసలాయన. ఆయన మాటలు ఫోన్ ఇలా తెలుగు చేసింది:

"గౌరవనీయ దంతాల తల్లీ! ఈ కప్పను నేను అద్దాల బీరువాకు అమ్మను. ఆడే చేతికే అమ్ముతాను. మీరు ఆడినవారైతే చెప్పండి. నాలుగో మేడ మీద బట్టలారేసే తీగ దగ్గర కప్ప ఏమి చేయవలెను?"

పళ్ళక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చేతిలో ఉన్న మైనపు చిగురును అలాగే పట్టుకుని, రెండో చేత్తో జవాబు కొట్టింది. "తీగ పట్టుకుని మూడుసార్లు ఊగాలి. నాలుగో ఊపుకి వదలాలి. మూడో ఊపుకే వదిలితే కింద పిల్లి నోట్లో పడుతుంది."

ఆ సాయంత్రమే పార్సెల్ బయల్దేరినట్టు కబురొచ్చింది. "పిల్లి మిమ్మల్ని జ్ఞాపకం చేసుకొనుచున్నది" అని కూడా రాశాడాయన.

ఇరవై మూడు రోజులు పట్టింది. ఆమె రోజుకు నాలుగుసార్లు ఆ పార్సెల్ ఎక్కడుందో చూసుకునేది. చివరికి అది పార్సెల్ ఆఫీసులో ఆగింది, వచ్చి చెప్పి తీసుకెళ్ళమని నోటీసొచ్చింది. కౌంటర్‌లో గుమాస్తా కళ్ళజోడు సర్దుకుంటూ, "ఇందులో ఏముందమ్మా?" అన్నాడు.

"కప్ప" అంది కంగారులో.

గుమాస్తా పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు. "ప్రాణంతోనా?"

"ఆడితే లేస్తుందండి."

వెనక నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. పెట్టె విప్పి చూపించాక, సుంకం కట్టించుకుని, ఆయన ఫారంలో "పాత ఆటవస్తువు" అని రాసి, "అది కప్పేనా? నాకు కోడిలా కనబడుతోందే" అని ఇచ్చాడు.

ఆదివారం అన్నయ్య కొత్త పళ్ళతో వచ్చాడు. క్యాసెట్ పెట్టి ఆడే మిషన్ సిద్ధంగానే ఉంది. బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే షాపులో పాతది కొని పెట్టింది. పళ్ళక్క క్యాసెట్ తీసి గాటులో పెట్టింది. దిగలేదు. తిప్పి చూసింది. దిగలేదు.

"ఇల్లలకగానే పండగైపోతుందా?" అన్నాడు భర్త.

"బావా, ఇంట్లో సుత్తుందా?" అన్నాడు అన్నయ్య.

"ఇది బస్సు కాదు, చెయ్యి తియ్యి" అని కసిరి, ఆమె టార్చి వేసి గాటులోకి చూసింది. లోపల రెండు మూలలా రెండు బుల్లి ప్లాస్టిక్ మొనలున్నాయి. ఇక్కడ అమ్మే క్యాసెట్లకు వాటికి సరిపోయే గాట్లుంటాయి. అక్కడివాటికి ఉండవు. వాళ్ళ సరుకు ఇక్కడి మిషన్లలో పట్టకుండా తయారుచేసినవాళ్ళు కావాలనే పెట్టిన అడ్డం.

ఆమె మొహం వెలిగింది. "అంతేనా! అడ్డొచ్చిన పన్నుని ఏం చేస్తాం? అరగదీస్తాం."

ముగ్గురూ మిషన్‌ని చంటిపిల్లలా తువ్వాల్లో చుట్టుకుని ఆసుపత్రి వెనకగదిలోని ల్యాబ్‌కి నడిచారు. డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పి తాళం తీశారు. పళ్ళక్క కళ్ళద్దాలు పెట్టుకుని, లోపలి తీగల మీద మైనం కప్పి, డ్రిల్లు ఆన్ చేసింది. అయిదు నిమిషాల్లో మొనలు రెండూ పొడి అయిపోయాయి. మైనం తీసి, గాలితో శుభ్రంగా ఊది, క్యాసెట్ పెడితే కొత్త సెట్టు దవడకు పట్టినట్టు టక్కుమని కూర్చుంది.

కానీ ఇంటికొచ్చి ఆడబోతే కప్ప కుడివైపుకే పోతోంది. మిషన్‌తో పాటు వచ్చిన ఆట రిమోట్ మీద కూడిక గుర్తులాంటి బటన్ ఉంటుంది కదా, దానికి ఎడమ కొమ్మ విరిగిపోయి ఉంది. అన్నయ్య నెత్తి పట్టుకున్నాడు. పళ్ళక్క మాత్రం బటన్ ఊడదీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "మూడు కొమ్మలున్నాయి. నాలుగోది కట్టడం ఎంతసేపు?" అంది.

వారంలో కట్టింది. విరిగినచోట మైనంతో కొమ్మ పోసి, అచ్చు తీసి, పొడీ ద్రవం కలిపి నింపి, ఎవరిదో పై వరస పళ్ళ సెట్టుతో పాటు అదే గిన్నెలో ఉడకబెట్టి, నునుపు పట్టించింది. ఆమె దగ్గరున్న రంగొకటే. కాబట్టి బూడిదరంగు రిమోట్ మీద నిగనిగలాడే చిగుళ్ళ రంగు బటన్ వచ్చి కూర్చుంది.

మరుసటి ఆదివారం పొద్దున్నే ముగ్గురూ టీవీ ముందు చేరారు. తెర మీద వాన మొదలైంది. కప్ప గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరూ ఎప్పుడూ చూడని ముక్క అది. దుకాణం ఆయన టైం వృథా కాకూడదని బటన్ నొక్కి దాటించేసేవాడు. కప్ప గొడుగు తెరిచింది. గాలి వచ్చింది. గొడుగు బట్ట కాస్తా ఎగిరిపోయి ఊచలు మిగిలాయి. కప్ప నిట్టూర్చి, పక్కనున్న పెద్ద ఆకు తెంపి, ఆ ఊచలకు కట్టుకుని బయల్దేరింది.

అన్నయ్య తెర దగ్గరికి జరిగి ఆకు మీద వేలు పెట్టాడు.

"ఆకే కదా!" అన్నాడు అన్నయ్య.

"ఊచలెవరివి మరి?"

"తలమీదున్నది ఏంటి?"

"చేత్తో పట్టుకున్నది ఏంటి?"

"మీ ఇద్దరి కుందేలుకీ మూడే కాళ్ళు" అన్నాడు భర్త. "అక్కడ కప్ప తడిసిపోతోంది, ఆడండి."

ఒకరి తరవాత ఒకరు ఆడారు. తీగ దగ్గర అన్నయ్య కంగారుపడి మూడో ఊపుకే వదిలి రెండుసార్లు పిల్లికి ఆహారమయ్యాడు. ఏడో మేడ వచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. రిమోట్ చెల్లెలి చేతిలో ఉంది. కప్ప మేడ అంచు ఎక్కింది. తెర బిగుసుకోలేదు. వాన చినుకులు ఇంకా పడుతూనే ఉన్నాయి.

"వెళ్ళు, వెళ్ళు, వెళ్ళవే!" అని అరిచాడు అన్నయ్య.

అవతల ఎనిమిదో మేడ మీద ఎండ కాస్తోంది. ఆ ఆటలో ఎండ ఉంటుందని వాళ్ళకు తెలియదు. బూడిదరంగు పెంకులన్నీ ఎర్రగా మారిపోయాయి. కప్ప పెంకుల మీద కూర్చుని, ఆకు పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుంది. ఆటను తయారుచేసినవాళ్ళ పేర్లు కాబోలు, తెలియని లిపిలో కిందినుంచి పైకి పోసాగాయి. అన్నయ్య వాటిని పెళ్ళిపత్రికలో బంధువుల పేర్లు చదువుకున్నంత శ్రద్ధగా చివరిదాకా చూశాడు. తరవాత చెల్లెలి వైపు తిరిగి, ఆమె చేసిన రెండింటితో సహా ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

ఆ నవ్వునూ తెర మీది కప్పనూ రిమోట్‌నూ కలిపి భర్త ఫోటో తీశాడు. పళ్ళక్క అది ముసలాయనకు పంపింది. ఆయన కప్ప గురించి ఒక్క ముక్కా రాయలేదు.

"దంతాల తల్లీ! ఆ గులాబీ బటన్ ఎవరు చేసిరి? నా సొరుగులో పళ్ళూడిన రిమోట్లు అరువది యున్నవి. అవి అన్నీ నోరు తెరచి మీ వైపు చూచుచున్నవి."

నెల తిరిగేసరికి ఆ రిమోట్లతో ఒక పెట్టె దిగింది. డాక్టరమ్మ మూత తెరిచి చూసి, "ఇంతమంది పేషెంట్లా ఒకేసారి?" అంది. ఆదివారాలు ల్యాబ్ వాడుకోమని చెప్పి, ఒక సలహా కూడా ఇచ్చింది. పాత ప్లాస్టిక్ ఏళ్ళ మీద పసుపు తిరుగుతుంది, అచ్చం పళ్ళలాగే. "పళ్ళ రంగు పోల్చే నమూనాలున్నాయిగా, వాటితోనే చూడు, ఆ రంగు పొడులు తెప్పిద్దాం" అంది. చూస్తే నిజంగానే సరిపోయింది. ఒక రిమోట్ రంగు టీ తాగేవాళ్ళ పళ్ళ రంగుకు, ఇంకోటి చుట్ట తాగేవాళ్ళ రంగుకు. చిగుళ్ళ రంగు కావాలని కోరి అడిగేవాళ్ళు కూడా ఉన్నారని ముసలాయన రాశాడు.

బటన్లు అటు వెళ్ళేవి, వాటికి బదులుగా ఆటలు ఇటు వచ్చేవి. అన్నయ్య డిపో నుంచి నేరుగా వచ్చి పెట్టెలు విప్పేవాడు. పళ్ళక్క పేరు ముసలాయన తన పేజీలో పెట్టాడు. అప్పటినుంచి ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు.

వాళ్ళలో ఒక వడ్రంగి ఉన్నాడు. రంపం తగిలి ఆయన ఎడమ బొటనవేలు సగం పోయింది. ఆడటం మానేసి పదకొండేళ్ళయింది. ఆ పొట్టి వేలికి అందేలా బటన్ చేయగలరా అని అడిగాడు. ఫోటోలతో పని జరగదని, వేలిని అచ్చుపోసి పంపమంది ఆమె. ఎలాగో బొమ్మలు గీసి చూపించింది. వడ్రంగి కదా, తన పనిలాగే శుభ్రంగా పోసి పంపాడు.

ఆ ప్లాస్టర్ బొటనవేలు రెండు నెలలు బల్ల మీద దవడల మధ్య నిలబడి ఉంది. మొదటి బటన్ ఎత్తు చాలలేదు. రెండోది జారింది. ఒకరోజు కొలతకు వచ్చిన ముసలమ్మ ఒకావిడ వెనకగదిలోకి తొంగిచూసి, బోసినోటితో అడిగింది.

"ఇదెవరి పన్నే తల్లీ, ఇంత లావుంది?"

"పన్ను కాదు పెద్దమ్మా, బొటనవేలు."

"అయ్యో, దానికీ పళ్ళు కడుతున్నావా?"

"కడుతున్నా. మీ సెట్టు కన్నా ఇదే మొండికేస్తోంది."

మూడో బటన్ ఆ వారమే పోస్టులో వేసింది. ఇరవై రోజులకు చిన్న వీడియో వచ్చింది. ఒక చెక్క బల్ల, దాని మీద రిమోట్, ఆ పొట్టి వేలు చిగుళ్ళ రంగు కొమ్మ మీద ఎడమకీ కుడికీ పైకీ కిందికీ పరుగులు తీస్తోంది. ఆ మనిషి మొహం కనబడదు. నవ్వు మాత్రం వినబడుతుంది. పళ్ళక్క దాన్ని డాక్టరమ్మకు చూపించింది, భర్తకు చూపించింది, అన్నయ్య దగ్గరికి డిపోకే పోయి, ఇంజను కింద పడుకున్న మనిషిని కాళ్ళు పట్టి బయటికి లాగి మరీ చూపించింది.