మదనపల్లె నుంచి నేను తెచ్చిన మాట

ఇన్నేళ్లుగా ఒక మనిషి బరువును మోస్తూ ఉన్నాను. ఆయన నడక నా వల్ల పోయింది. పూర్తిగా నా వల్లేనా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. జబ్బు నేను తెప్పించలేదు, మందులు నేను ఇవ్వలేదు, నిజమే. కానీ ఆయన కోలుకోవడానికి ఒక దారి ఉండింది. అదేదో తెలుసుకుని రమ్మని నన్నే పంపించాడు. వెళ్లాను, తెలుసుకున్నాను, తిరిగొచ్చి ఇంకో మాట చెప్పాను.

నా పేరు రాయను. రాసేంత ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. రెండు మూడు సార్లు నోటిదాకా వచ్చింది. ఆమె నన్ను మంచివాడనే అనుకుంటూ ఉంది, అది చెడగొట్టుకోబుద్ధి కాలేదు.

మాది రామసముద్రం దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కణ్ణే. వ్యాయామ శిక్షణ పూర్తి చేసి, డెబ్బైలలో పుంగనూరులో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరాను. చేరానంటే అది నా పోస్టు కాదు. అసలు మాస్టరు ఖాజా సార్ క్షయ వచ్చి మదనపల్లెలో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఆ కుర్చీలో నేను. అంతకు ముందు కూడా నా బతుకు అదే. ఒక ఊళ్లో మాస్టరుకు కాలు విరిగింది, ఇంకో ఊళ్లో ఒకాయన తలతిరుగుడు జబ్బని సెలవు పెట్టాడు. వాళ్లు లేచి నిలబడగానే నేను ట్రంకుపెట్టె ఎత్తుకోవాలి. ఫలానావాళ్లకు ఒంట్లో బాగయిందట అని ఎవరైనా అంటే నాకు దిగులు పట్టుకునేది. ఇది రాస్తుంటేనే సిగ్గేస్తోంది. అయినా అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ఖాజా సార్ తిరిగొచ్చాడు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. ఆ జబ్బుకు అప్పట్లో నెలల తరబడి సూదులు వేసేవాళ్లు. కొందరికి ఆ సూదుల వల్ల చెవి లోపల ఒంటిని నిలబెట్టే నరం దెబ్బతింటుందట. ఆయనకు అదే జరిగింది. కూర్చుంటే మామూలు మనిషే. లేచి నడిస్తే ఎదురుగా ఉన్న ఇళ్లూ మనుషులూ ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపించేవి. చీకట్లో అయితే గోడ పట్టుకోకుండా అడుగు వేయలేడు. బజారులో అటూ ఇటూ తూలుతూ పోతుంటే, నమాజు తప్పని ఆ మనిషిని చూసి సారాయి తాగాడన్నారు. మసీదులో వంగి లేచేటప్పుడు పక్కనున్నవాళ్ల భుజం పట్టుకోవలసి వచ్చేదని ఒకసారి నాతో అన్నాడు. ఆ మాట చెబుతూ నవ్వాడు కానీ నా ముఖం వైపు చూడలేదు.

బడి తెరిచేలోగా డ్రిల్లు క్లాసు తీసుకోగలిగితే చేరవచ్చని హెడ్మాస్టరు ఆయనతో చెప్పాడు. అందుకని వేసవి సెలవుల్లో మళ్లీ కసరత్తు మొదలుపెట్టాడు. పక్కన ఒక మనిషి ఉండాలి కదా, పడితే పట్టుకోవడానికి. నన్ను అడిగాడు. ఎవరి కుర్చీలో కూర్చున్నానో ఆయనే వచ్చి నన్ను సాయం అడిగితే ఎలా కాదంటాను? రోజూ తెల్లవారుతూనే బడి మైదానానికి వెళ్లేవాళ్లం. కబడ్డీ కోర్టుకు గీసిన సున్నపు గీత మీద నడిచేవాడు. తల ఎడమకూ కుడికీ తిప్పుతూ నడిచేవాడు. బంతి పైకి వేసి పట్టుకునేవాడు. మొదట్లో నా చేతుల్లో పడడమే ఎక్కువ. పోనుపోను పడడం తగ్గింది. ఒకరోజు గీత ఆ చివరిదాకా ఒక్కడే వెళ్లి వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నాకు నిజంగానే సంతోషమైంది. ఆ సంతోషం దొంగది కాదని మీరు నమ్మాలి. దాని వెనకే దిగులు వచ్చిందన్నదీ నమ్మాలి.

అప్పుడు తలనొప్పులు మొదలయ్యాయి. కసరత్తు ముగించి ఇంటికి చేరేసరికి మెడ వెనక పట్టుకుని నడినెత్తి మీదుగా కళ్లదాకా వచ్చేదట. భార్య ఖైరున్నీసా చున్నీ తీసుకుని తలకు గట్టిగా బిగించి కట్టుకుని మంచం మీద పడుకునేవాడు. సాయంత్రానికి తగ్గేది. మర్నాడు కసరత్తు చేయగానే మళ్లీ వచ్చేది. ఆయన భయం నొప్పికి కాదు. ఆసుపత్రిలో పక్క మంచం మనిషి క్షయ మెదడుకు ఎక్కి చనిపోవడం కళ్లారా చూశాడు. తనకూ అదే వచ్చిందేమోనని ఆ ఇంట్లో ఇద్దరికీ నిద్ర లేదు.

మదనపల్లె ఆసుపత్రి డాక్టరును అడగాలి. కానీ ఆ గతుకుల దారిలో బస్సెక్కితే ఆయనకు లోకమంతా గిర్రున తిరిగి వాంతులయ్యేవి. మా వైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. రోగి కదలలేకపోతే తెలివైనవాడినొకణ్ణి డాక్టరు దగ్గరకు పంపేవాళ్లు. వాడు వెళ్లి జబ్బు చెప్పి, డాక్టరు చెప్పింది విని, మందు తెచ్చేవాడు. వాడు తెచ్చిన మాటే డాక్టరు మాట. దాన్ని ఎవరూ తిరిగి అడిగేవాళ్లు కాదు. నన్ను పంపించారు.

ఆ డాక్టరు నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. నిద్రలోంచి లేపేంత నొప్పా అని అడిగాడు. కాదన్నాను. జ్వరం? లేదు. చూపు మసకబడుతోందా? లేదు. కసరత్తు చేసిన రోజే వస్తుందా? అవును. చేసేటప్పుడు నీళ్లు తాగుతాడా అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను గర్వంగా జవాబిచ్చాను, ఒంటి మీద చెమట ఆరేదాకా మేం నీళ్లు ముట్టమని. మాకు శిక్షణలో నేర్పింది అదే. మేమూ పిల్లలకు అదే నేర్పేవాళ్లం, దాహమన్నవాణ్ణి తిట్టేవాళ్లం. డాక్టరు నుదురు పట్టుకున్నాడు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పడిపోతానన్న భయంతో మెడ బిగబట్టుకుని నడుస్తున్నాడు, అందుకే ఆ నొప్పి. ఎగిరే చూపును నిలబెట్టాలని కళ్లు కష్టపడుతున్నాయి, దానికి తోడు నీళ్లు లేవు. ఇది మెదడు జబ్బు కాదు. కసరత్తు సగానికి తగ్గించమను, మధ్యలో కూర్చోమను, నీళ్లు తాగమను, మెడ వదులు చేసుకోమను. మానేయొద్దను. ఆ నరం ఇక పనిచేయదు, దాని పని కళ్లకూ కాళ్లకూ నేర్పించాలి, మానేస్తే అవి నేర్చుకోవు. ఇంత చెప్పి, నేను లేస్తుంటే ఇంకొకటి అన్నాడు. వాంతులైనా, చూపు మసకబారినా, నిద్రలో నొప్పి లేచినా వెంటనే ఆపేసి ఎలాగైనా ఇక్కడికి తీసుకురమ్మన్నాడు.

బస్సులో ఆ మాటలన్నీ వరసగా వల్లె వేసుకున్నాను. పుంగనూరు చేరేదాకా అన్నీ చెప్పాలనే అనుకున్నానా? అనుకున్నాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు గట్టిగా చెప్పలేను. దారిలో ఒక పెద్దాయన, మా నాయన కంటే వయసులో పెద్దవాడు, వాళ్ల పిల్లవాడు మా బడిలో చదువుతున్నాడట, లేచి నిలబడి "కూర్చోండి సార్" అన్నాడు. వద్దన్నాను. వినలేదు. నేను కూర్చున్నాను. బడి తెరిచాక ఖాజా సార్ చేరితే నేను మళ్లీ గొర్రెల వెనక తిరగాలి, లేదంటే ఇంకెవరి కాలు ఎప్పుడు విరుగుతుందా అని చూడాలి. ఆ పెద్దాయన కమ్మీ పట్టుకుని ఊగుతూ నిలబడితే, నేను ఆయన సీట్లో కూర్చుని ఇదే ఆలోచించాను.

ఖాజా సార్ వసారాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఖైరున్నీసా గడపలో ఉంది.

"ఏమన్న్యాడప్పా డాక్టరు?"

"ఆపేయమన్నాడు సార్."

"మొత్తానికేనా?"

"తలనొప్పి వస్తాండగా చేస్తే ప్రమాదమంట."

"గీత మీద ఒక్కణ్ణే నడస్తాండానని చెప్పినావా? బాగైతాండానని?"

"చెప్పినా సార్."

"చెప్పినా వద్దనే అన్న్యాడా?"

"వద్దన్నాడు."

నేను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. ఆ క్షణంలో ఆయన ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే నిజం బయటపడేదని చాలాకాలం అనుకున్నాను. అంటే తప్పు అడగనివాడిదా? ఆయన ఖైరున్నీసా వైపు తిరిగి, "పొద్దన్నించీ ఏమీ తిని ఉండడు, అన్నం పెట్టు" అన్నాడు. పెట్టింది. నేను తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను.

అబద్ధం చెప్పలేదని ఆ రాత్రి నన్ను నేను సముదాయించుకున్నాను. ఆపేయమనడం డాక్టరు నోట వచ్చిన మాటే కదా. ముందూ వెనకా కోసేసి చెప్పాను, అంతే. పిల్లలు కూడా ఇంత చవకగా తప్పించుకోరు.

కసరత్తు మానేశాక తలనొప్పి పోయింది. పోదా మరి? ఆయన మాత్రం దాన్ని డాక్టరు గొప్పతనమనుకున్నాడు, మదనపల్లెకు పోయి వచ్చిన నా చలవ అనుకున్నాడు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. కొన్నాళ్లకే నడక మళ్లీ మొదటికొచ్చింది. బడి తెరిచే ముందు తనే వెళ్లి చేయలేనని హెడ్మాస్టరుకు చెప్పేసి, కాపురం కుప్పానికి మార్చాడు. అక్కడ ఖైరున్నీసా తమ్ముడిది బట్టల కొట్టు. పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "పిలకాయల్ని బాగా సూసుకో అప్పా" అన్నాడు. ఆ పోస్టు నాదైంది.

ఒక్క సంగతి చెప్పకపోతే ఇదంతా సగమే అవుతుంది. ఆ ఏడాది నుంచి నా క్లాసులో పిల్లల్ని మధ్యలో నీళ్లు తాగనిచ్చాను. మంచి మాస్టరని పేరొచ్చింది. డాక్టరు ఖాజా సార్ కోసం చెప్పిన మాట ఊళ్లో పిల్లలందరికీ అందింది, ఆయనకు తప్ప.

ఎనభైలలో ఒకసారి ఆటల పోటీలకు పిల్లల్ని తీసుకుని కుప్పం వెళ్లాను. అప్పటిదాకా ఆ ఊరి వైపు వెళ్లకుండా ఏవో సాకులు చెప్పుకున్నాను. పోటీలు ముగిశాక బట్టల కొట్టు వెతుక్కుంటూ వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని గుడ్డ కొలుస్తున్నాడు. పైఅరలో ఉన్నది తీయాలంటే బావమరిది రావాలి. నన్ను చూసి లేవబోయి, గోడ పట్టుకుని, మళ్లీ కూర్చున్నాడు. ముసలివాడైపోయాడు. అంత వయసు లేదు ఆయనకు.

టీ తెప్పించాడు. తాగుతుండగా వెనక వీధి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, పెళ్లయి ఎక్కువ కాలం కాలేదనుకుంటా. ఆమెకూ అదే జబ్బు వచ్చి తగ్గిందట, అవే సూదులట, అదే తూలుడు. ఇంటి వెనక రోజూ నడవడం మొదలుపెట్టానని, ఆ పొద్దంతా తలనొప్పి ఉంటోందని, ఏం చేయమంటారని ఆయన్ని అడిగింది. అనుభవం ఉన్న మనిషి కదా.

"వద్దమ్మా, యాల చేస్తాండావు? ఆపేయ్," అన్నాడు. "నాకూ ఇట్లనే వచ్చింది. పెద్ద డాక్టరు వద్దన్న్యాడు. ఆపినాను కాబట్టే పానంతో ఉండాను."

నా నోరు నాకు తెలియకుండానే తెరుచుకుంది. "ఆపొద్దమ్మా. నీళ్లు తాగుతా కొంచెం కొంచెంగా చెయ్యి," అన్నాను.

ఖాజా సార్ నా వైపు తిరిగి నవ్వాడు. "ఏమప్పా, ఆ మాట తెచ్చింది నువ్వే కదా? మర్సిపోతివా?"

అమ్మాయి నా ముఖం చూస్తోంది. ఆయనా చూస్తున్నాడు. నిజం చెప్పడానికేగా కొట్టు వెతుక్కుంటూ వచ్చాను. అంతకంటే తేలికైన అదను ఎవరికైనా దొరుకుతుందా? కాదు సార్, అది డాక్టరు మాట కాదు అంటే అయిపోయేది. ఆయన నన్ను కొట్టి ఉండేవాడా? కొట్టేవాడు కాదు. బహుశా ఆ అమ్మాయితో, సరేలే, ఈయన చెప్పినట్టు చెయ్యి అనేవాడు. అదీ తెలుసు నాకు.

"అవును సార్. మర్చిపోయినాను," అన్నాను.

ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె ఇల్లు వెనక వీధిలోనే. నాలుగు అంగల్లో వెళ్లి చెప్పి రావచ్చు. నేను టీ పూర్తి చేశాను, పిల్లలు ఎదురుచూస్తున్నారని లేచాను, పలమనేరు మీదుగా పోయే బస్సెక్కాను. ఒకరికి చేసిన అన్యాయం ఉద్యోగం కోసం అనుకుంటే, ఈ రెండోది దేనికోసం? నా పోస్టు అప్పటికే నాది. ఎవరూ తీసుకోలేరు. ఉత్త పరువు కాపాడుకోవడానికి.

ఖాజా సార్ కుప్పంలోనే పోయాడు. కబురు వచ్చింది, వెళ్లాను, మట్టి వేశాను. ఖైరున్నీసా నన్ను చూసి, నువ్వు తెచ్చిన మాట వల్లే ఇన్నేళ్లు బతికాడని అందరిలో చెప్పి ఏడ్చింది. అక్కడా తల ఊపాను. ఆ అమ్మాయి ఏమైందో ఎవరినీ అడగలేదు. ఏ వీధో తెలుసు, పేరు తెలియదు, తెలుసుకోవాలని అనుకోలేదు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. క్షమించవలసినవాళ్లలో ఒకరు లేరు, ఇంకొకరు ఎక్కడున్నారో తెలియదు. రాసినందువల్ల ఎవరి నడకా తిరిగిరాదు. అయినా ఇంతవరకూ రాశాక ఊపిరి కాస్త ఆడుతున్నట్టుంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

అమ్మా, నువ్వు ఎక్కడున్నావో. ఆ రోజు బట్టల కొట్టులో నేను ఏదీ మర్చిపోలేదు. ఆపమన్నది డాక్టరు కాదు, నేను.