అన్న మానిటర్ మీద మరక

దయ్యాల సంగతి వస్తే నేను నవ్వేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగిపోయినా, రాయచూరు గ్రంథాలయంలో విజ్ఞానశాస్త్రం అలమరలో నేను తెరవని పుస్తకం లేదు. అర్థం కానిదాన్ని రెండుసార్లు చదివేవాణ్ణి. కంటికి కనిపించే ప్రతిదానికీ ఏదో ఒక పేజీలో కారణం ఉంటుందని నా నమ్మకం. ఇప్పుడు రాయబోయేది మాత్రం ఏ పేజీలోనూ దొరకలేదు.

మా అన్న ఇంటి ముందుగదిలో పెళ్లిపత్రికలు టైపు చేసేవాడు. కన్నడం, తెలుగు రెండూ. చుట్టుపక్కల ఊళ్లు యరగేర, గిల్లేసూగూరు నుంచి కూడా వచ్చేవాళ్లు. అందరూ పలచటి తెరలకు మారినా ఆయన పెట్టెలాంటి పాత మానిటర్‌ను వదల్లేదు. అక్షరం దాంట్లోనే నిండుగా కనబడుతుందనేవాడు.

ఆయనకు బీపీ. తగ్గుతుందని ఎవరో చెప్తే జాతరలో అయస్కాంతపు కడియం కొని ఎడమచేతికి వేసుకున్నాడు. మాట తోచనప్పుడు ఆ చెయ్యి మానిటర్ మీద ఆనించి ఆలోచించడం అలవాటు. దాంతో తెర ఎడమవైపు పైమూలలో అరచేయంత మరక పడేది. మధ్యలో ఊదా, అంచున ఆకుపచ్చ.

కారణం నాకు తెలుసు. ఆ మానిటర్ల అద్దం వెనక సన్నటి రంధ్రాలున్న ఇనుపరేకు ఉంటుంది. ఎలక్ట్రాన్ల ధారలు ఆ రంధ్రాల్లోంచి వచ్చి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలను వెలిగిస్తాయి. అయస్కాంతం దగ్గరికొస్తే ఆ గుణం రేకుకు అంటుకుంటుంది. ధారలు పక్కకు జరిగి ఒక రంగు బదులు ఇంకొకటి వెలుగుతుంది. అయస్కాంతం తీసేసినా మరక పోదు. స్విచ్ వేసినప్పుడు లోపలి తీగచుట్ట ధమ్మని మోగి కొంత సరిచేస్తుంది. మొండి మరకకు బయటినుంచి కరెంటు కాయిల్ కావాలి. తెరముందు గుండ్రంగా తిప్పుతూ, మెల్లగా నాలుగడుగులు వెనక్కి వచ్చాకే ఆపాలి. దగ్గరుండగా ఆపితే కొత్త మరక పడుతుంది.

మా దగ్గర అమావాస్యకు మిషన్లు, బండ్లు తుడిచి కొబ్బరికాయ కొడతారు. అన్న కంప్యూటర్‌కూ కొట్టేవాడు. ఆ పూటే నేను కాయిల్ తిప్పేవాణ్ణి.

“చూడే, నా తమ్ముడు కంప్యూటర్‌కు మంగళారతి పడ్తుండు,” అని అన్న వదినను కేకేసేవాడు.

“కర్పూరం గిట్ల తెమ్మంటవా, అయ్యగారూ?” అనేది వదిన.

అన్న గుండెపోటుతో పోయాడు. కడియం తీసి ఇవ్వబోతే వదిన వద్దంది. అస్థికలతోపాటు దాన్ని కృష్ణలో వేసింది నేనే.

అన్న టైపు చేస్తే తప్పులు దిద్దేది, రద్దీ రోజుల్లో తానే టైపు చేసేది వదిన. ఇప్పుడు ఆ గదివైపే రావడం మానేసింది. అన్నం సరిగా తినడం లేదు. ఆమె మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, మనిషి నిలబడుతుందని నా ఆశ. తర్వాతి అమావాస్యకు గది కడిగి, కాయ కొట్టి, కాయిల్ తిప్పాను. మరక పూర్తిగా పోయింది.

మరునాడు పొద్దున స్విచ్ వేస్తే ఎడమవైపు పైమూలలో మరక. అదే కొలత, అదే ఊదా.

గదిలో అయస్కాంతం ఉండే స్పీకర్లు లేవు. ఇనుప బీరువా ఎక్కడో లోపలిగదిలో ఉంది. భూమి అయస్కాంతగుణం వల్లేమోనని బల్లను ఇంకో దిక్కుకు తిప్పి చూశాను. మరక కదల్లేదు. మళ్లీ కాయిల్ తిప్పి, వైరు పీకి, గదికి తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే వదిననే అనుమానించాను. పొద్దున తీస్తే మరక ఉంది. ఇలా మూడుసార్లు. మూడోసారి ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను.

మళ్లీ కాయిల్ అందుకుంటుంటే వదిన గుమ్మంలోకి వచ్చింది. తెరవైపు చూసింది.

“ఎన్నిసార్లు తుడుస్తవ్, రాఘూ? నీకేం అడ్డమొచ్చె? ఉండనియ్యి.”

లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. అన్న సగంలో వదిలిన పత్రిక పూర్తిచేసింది. మధ్యాహ్నం అన్నం అక్కడికే తెచ్చుకొని తింది. వారం తిరిగేసరికి వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడుతోంది. “పిలగాని పేరు పక్కన బీఏ అని ఏయమంటుండ్రు. పాసైండా మరి?”

నేను కోరుకున్నది అదే. అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ మరక సంగతి బయటికి పాకి, దారినపోయేవాళ్లు తొంగిచూసి ఆ తెరకు దండం పెట్టడం మొదలైంది. “పుస్తకాల రాఘు గూడ ఓడిపాయె గదనయ్యా,” అన్నాడొకాయన. ఆ మాట గుచ్చుకుంది. వదిన బజారుకు పోయిన పూట టీవీ మెకానిక్ దగ్గర్నుంచి పెద్ద కాయిల్ తెచ్చాను. జాగ్రత్తగా తిప్పి, వీపు గోడకు తగిలేదాకా వెనక్కి వచ్చి ఆపాను. తెర కడిగినట్టయింది.

మరునాడు మరక రాలేదు. ఆ మరునాడూ రాలేదు. వదిన పొద్దున్నే వచ్చి తెర చూసి పోయేది. నాలుగో రోజు అడిగింది.

“ఇంక రాడా, రాఘూ?”

కుర్చీ మళ్లీ ఖాళీ అయింది. పళ్లెంలో అన్నం మళ్లీ మిగలసాగింది.

అప్పుడు, ఏ పుస్తకమూ చేయొద్దనే పని చేశాను. పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం ఊడదీసి ఆ మూలకు ఆనించాను. ఫోన్‌లో ఫొటో పక్కన పెట్టుకొని, కొలత కుదిరేదాకా, ఊదా చుట్టూ ఆకుపచ్చ వచ్చేదాకా జరిపాను. దానికీ ఒక ఫొటో తీసి చూసుకున్నాను. అచ్చం అదే. అయస్కాంతం దాచేసి పిలిచాను.

“వదినె, చూడు, వచ్చింది.”

తడిచేతులతో వంటింట్లోంచి పరుగున వచ్చింది. గడప దగ్గరే ఆగిపోయింది.

“గిది నువ్వు పెట్టింది,” అంది.

గొంతులో కోపం లేదు. లోపలికి వచ్చి, స్విచ్ తీసి, మానిటర్ మీద గుడ్డ కప్పి వెళ్లిపోయింది.

ఇప్పుడు ముదగల్‌లో వాళ్ల అక్క దగ్గర ఉంటోంది. ఫోన్ చేస్తే బాగానే మాట్లాడుతుంది. ఆ సంగతి ఎత్తదు, నేనూ ఎత్తను.

రెండు ఫొటోలూ నా దగ్గరున్నాయి. ఎంత పెద్దవి చేసి చూసినా నాకు తేడా కనబడదు. రెండో మరక ఎలా పడిందో ఎవరడిగినా చెప్పగలను. మొదటిది ఎలా వచ్చేదో, గడప అవతలినుంచే వదిన ఎలా పోల్చిందో చెప్పలేను. ఆ రోజు పెద్ద కాయిల్‌తో నేను తుడిచేసింది ఏమిటో కూడా నాకు ఇప్పటికీ తెలియదు.