కట్టినానని చెప్పిన ఏటవాలు కట్టె

"ఎనకాల ఏటవాలు కట్టె కట్టినావా మే?"

"కట్టినాలే మామా. నువ్వు పోయి టీ తాగి రాపో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. నేను కట్టలేదు. కట్టె నేల మీదే పడి ఉంది, తాడు నా భుజాన ఉంది. పొద్దున్నుంచి ఆయన పచ్చి నీళ్లు కూడా ముట్టలేదు. టీకన్నా పంపుదామని అట్లా చెప్పాను. వచ్చేలోపు కట్టేస్తే సరిపోతుందనుకున్నాను. టీ అంగడి బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. గుండె ఆగిందన్నారు ఆస్పత్రిలో.

మహానందిలో శివరాత్రి నాటకానికి మంచె కడుతున్న రోజు అది.

మంచె అంటే చేను కాపలాకు వేసేది అనుకునేరు. మొదట్లో ఆయన కట్టిందీ అవే. తర్వాత నాటకాలకు పిలిచారు. శివుడు కైలాసంలో కూర్చోవాలన్నా, రాజు మేడ మీద నుంచి పద్యం అందుకోవాలన్నా స్టేజీ మీద ఇంకో ఎత్తు లేవాలి. ముందర కొండ బొమ్మ గీసిన పరదా, దాని వెనక మా సర్వి కట్టెలు, కిత్తనార తాళ్లు. జనానికి కనపడేది పరదానే. మైదుకూరు నుంచి అహోబిలం దాకా తిరిగి కట్టాము. కట్టెలు కోసి నిలబెట్టేది ఆయన, ముళ్లు వేసేది నేను.

ఆయనకొక పట్టింపు ఉండేది. పని అయినాక చెంబులో అంచుదాకా నీళ్లు పోసి పైన పలక మీద పెట్టించేవాడు. నేను చెంబు పక్కన గొంతుక్కూర్చుంటే, ఆయన కింద నిలువు కట్టెను భుజంతో తోసేవాడు.

"తొణికెనా?"

"లే."

"నా మీద ఒట్టు పెట్టి చెప్పు."

"నీ మీద ఒట్టు పెడితే నువ్వు యాడ మిగుల్తావు? ఎక్కి సూసుకో పో."

చుక్క తొణికినా విప్పి మళ్లీ కట్టాల్సిందే.

ఆయన పోయిన మరుసటి ఏడు శివరాత్రి ముందర నాటకం జట్టు పెద్ద మా ఇంటికొచ్చాడు. నాటకంలో శివుడి వేషం వేసేదీ అతనే.

"అమ్మా, ఈ తూరి ఇనుప పైపులు తెప్పిస్తాండాం. నువ్వేం బాధపడాకు."

"ఏమప్పా, ఇన్నేండ్లు కైలాసంలో కూర్చుంటివే, నా ముడి ఎప్పుడన్నా జారెనా?"

"నీ మొగుడు ఉండె గదమ్మా అప్పుడు."

"ఆయప్ప తోసి సూసేవాడు. కట్టింది నేను. చెంబులో నీళ్లు తొణికితే నేనే ఇప్పేస్తా. అప్పుడు తెప్పించుకో నీ పైపులు."

జట్టు పెద్ద నా చేతుల వైపు చూసి, సరే అన్నాడు. ఈసారి తొణికిందంటే ఇంక నన్నెవరూ పిలవరని నాకు తెలుసు.

రెండు రోజులు కట్టాను. నిలువులు, అడ్డాలు, పలకలు, మంచె ఊగకుండా మూడు పక్కలా ఏటవాలు కట్టెలు. వెనక పక్కది ఒక్కటి మిగిలింది. దాన్ని చూస్తే ఆయనకు చెప్పిన అబద్ధమే గుర్తొచ్చి, నేల మీంచి ఎత్తడం నా వల్ల కాలేదు. మూడు ఉన్నాయి కదా, చాలులే అనుకున్నాను. అంత అనుభవమున్న మనిషిని, ఆ తప్పు చేశాను.

మధ్యాహ్నం వేషగాళ్లందరూ చుట్టూ నిలబడ్డారు. నేను చెంబుతో పైకెక్కాను. జట్టు పెద్ద భుజం పెట్టి ఒక్క తోపు తోశాడు. నీళ్లు బొళుక్కున నా కాళ్ల మీద పడ్డాయి.

"ఏమప్పో, శివుడు ఎక్కకముందే గంగ దిగె!" అని ఒకడు అంటే అందరూ నవ్వారు.

జట్టు పెద్ద నవ్వలేదు. "పైపులకు ఫోను చేస్తాండానమ్మా," అన్నాడు.

"చెయ్యప్పా. వాళ్లొచ్చేలోపు కట్టేస్తా."

ఆ రోజు ఆయన టీకి పోయినప్పుడు మనసులో అనుకున్న మాటే మళ్లీ నోట్లోంచి వచ్చింది. దిగి కట్టె ఎత్తాను. నిలువుకు కాలు తన్నిపెట్టి తాడు మూడు చుట్లు లాగాను. అరచేయి కోసుకుపోయింది. కొంగు చింపి చుట్టుకుని కింది ముడి కూడా వేశాను. మళ్లీ చెంబు నింపుకుని పైకెక్కాను.

"ఇప్పుడు తోయండి. నవ్వినోడు కూడా రావాల."

నలుగురు తోశారు. నేను చెంబులోకే చూస్తూ కూర్చున్నాను. నీళ్లు వణికాయి, అంచు దాటలేదు.

జట్టు పెద్ద తానే ఎక్కి వచ్చి చెంబు చూశాడు. ఫోను తీసి, "పైపులు వద్దులేప్పా," అన్నాడు.

ఆ ఏడూ, మొన్నటి శివరాత్రికీ నేనే కట్టాను. ఎవరైనా అది కట్టినావా అని అడిగితే, ముడి మీద చేయి పెట్టి చూసిగానీ బదులు చెప్పను.

నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా నేను చెప్తుంటే మా అన్న కూతురు రాసింది. ఇప్పుడు పెన్ను ఆపి నా మొహం చూస్తోంది.

"అత్తా, మామకు అబద్ధం చెప్పిన మాట కొట్టేద్దునా? సదివినోళ్లు ఏమన్నా అనుకుంటారు."

"కొట్టేయాకు మే. దాని కోసమే రాయించినా. ఏదీ, మొదట్నించీ ఒక తూరి సదువు. ఆ మాట ఉండాదో లేదో నేను ఇనాల."