రిహార్సల్ రామలింగం

రామలింగానికి రిహార్సల్ లేకుండా తుమ్మడం కూడా ఇష్టం ఉండదు. తిరుపతి రైలు రేపనగా ఇవాళే ఉయ్యూరులో బస్సెక్కి బెజవాడ స్టేషనుకు వెళ్ళి, తన బోగీ ఆగే చోట పది నిమిషాలు నిలబడి, తిరిగొచ్చి భోంచేస్తాడు. ఒకసారి పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందురోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని నోరు తెరిచి, మూసి, దండం పెట్టి వచ్చేశాడు.

తన పెళ్ళిచూపులకైతే అక్క వెంకటరావమ్మను పెళ్ళికూతురిగా కూర్చోబెట్టి వారం రోజులు ఏడు ప్రశ్నలు సాధన చేశాడట. అక్క నవ్వాపుకోలేక ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. తీరా అసలు పెళ్ళికూతురు మొదటి ప్రశ్నకే చక్కగా జవాబు చెప్పేసరికి, ఆ తరువాత ఏం చెయ్యాలో తోచక లేచి వీధిలోకి వచ్చేశాడు. ఆవిడ ఎలా ఒప్పుకుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

అలాంటి మేనమామ తన పెళ్ళి ఫోటోల బాధ్యత నెత్తినేసుకున్నాడని తెలిసి రేణుకకు కాలూ చెయ్యీ ఆడలేదు. పెళ్ళి నెలన్నరలోకి వచ్చింది. అసలే ఆ పిల్ల మనసు మనసులో లేదు. అందుకు కారణం వెంకటరావమ్మ, అంటే వాళ్ళమ్మ.

నిరుడు ఎండల్లో వెంకటరావమ్మ ముఖానికి వాతం కొట్టింది. వైద్యంతో చాలావరకు తగ్గినా మూతి ఒక పక్కకు కాస్త ఒరిగే ఉండిపోయింది. అప్పటినుంచి ఎవరైనా ఫోను ఎత్తి పట్టుకుంటే చాలు, ఆవిడ చెయ్యి పైటచెంగును నోటికి అడ్డం పెట్టేసేది. నిశ్చితార్థం ఆల్బంలో వంటమేస్త్రీ కూడా మూడుచోట్ల ఉన్నాడు గానీ, పెళ్ళికూతురి తల్లి ఒక్కచోటా లేదు. పెళ్ళిలోనూ అంతేనని ముందే చెప్పేసింది. అమ్మ పక్కన లేని ఫోటో నాకెందుకని రేణుక రెండుసార్లు ఏడ్చింది, ఒకపూట అన్నం మానేసింది. ఆవిడ మెత్తబడలేదు.

ఈ గొడవేదీ చెవిన పడనట్టు రామలింగం గవర్నర్‌పేట వెళ్ళి ఫోటోగ్రాఫర్ కాశింను మాట్లాడుకొచ్చాడు. వచ్చే ఆదివారం నుంచి వారం వారం పదిగంటలకు డాబా మీద రిహార్సల్ అని ప్రకటించాడు. అసలు ఫోటో తియ్యడానికి పట్టేది అరక్షణం కదా అని బావగారు, అంటే రేణుక తండ్రి హనుమయ్య అడిగితే, ఆ అరక్షణానికే భయపడాలన్నాడు.

మొదటి ఆదివారం డాబా నేలమీద సుద్దముక్కతో సున్నాలు చుట్టి నంబర్లు వేశాడు. ఒకటి రేణుక, ఆమె కుడిపక్క రెండు పెళ్ళికొడుకు, ఎడమపక్క మూడు అమ్మ, ఆ పక్కన నాలుగు నాన్న. గన్నవరం నుంచి పెళ్ళికొడుకు గోపీనాథ్ సెలవు దొరకదని తెలివిగా తప్పించుకున్నాడు. రామలింగం తన బట్టల షాపులో చీరలు కట్టే బొమ్మను రిక్షాలో తెప్పించి, పంచె చుట్టి రెండో నంబరులో నిలబెట్టాడు.

"పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నానండీ," అన్నాడు కాశిం. "నడుం మీద చెయ్యి పెట్టుకున్న పెళ్ళికొడుకును చూడ్డం ఇదే మొదలు."

మూడో నంబరు ఖాళీగా ఉంది. వెంకటరావమ్మ వంటింట్లోంచి రానంది. రామలింగం మెట్లమీదికి వంగి అరిచాడు.

"అక్కా, కెమెరాకి మూత కూడా తియ్యర్లే. ఆ నంబరు ఖాళీగా ఉంటే నా లెక్కంతా పోద్ది. కాసేపు నిలబడి పో."

ఆవిడ గొణుక్కుంటూ వచ్చింది. మూత ఉందని కళ్ళారా చూసుకుంది. అయినా నోటికి పైట అడ్డం పెట్టుకునే నిలబడింది. రామలింగం అటు చూడకుండా, నవ్వుల్లో రకాలున్నాయంటూ హనుమయ్య మీద పడ్డాడు. మొదటి రకం పెదాలది, రెండోది పళ్ళది, మూడోదానికి పక్కింటివాళ్ళు తలుపు తీసి చూడాలి. హనుమయ్యకు ముప్ఫైరెండు పళ్ళూ ఉన్నా మొదటి రకమే రాలేదు.

మూడో ఆదివారం గాలికి బొమ్మ ఒరిగి, తన నంబరులోకి వస్తున్న హనుమయ్య మీద పడింది. పెళ్ళికొడుకు కాళ్ళ మీద పడాలి గానీ ఇలా మీద పడతాడేమిటని ఆయన విసుక్కున్నాడు. వెంకటరావమ్మ పకపకా నవ్వింది. పక్కింటివాళ్ళు నిజంగానే తలుపు తీశారు.

రేణుకకు మాత్రం నవ్వు రాలేదు. జాకెట్లు కుట్టేవాడు ఫోనెత్తడు, శుభలేఖలు ఇంకా పంచనేలేదు, సెలవున్న ఒక్క ఆదివారమూ బొమ్మ పక్కన నిలబడడంతోనే సరిపోతోంది.

"మూత కూడా తియ్యకుండా ఈ తతంగమేంటి మావయ్యా? ఇంకో ఫోటోగ్రాఫర్ని చూసుకుంటాను."

"మూత తియ్యడానికేముందే, చిటికెలో పని. ముందు మనుషులు కుదురుకోవాలి."

ఐదో ఆదివారం అరగంట నిలబెట్టి, ఇక చాలని రామలింగం సుద్దగీతలు చెరిపేశాడు. రిహార్సల్ మానేసిన రామలింగాన్ని చూసి ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంది. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకెళ్ళవలసింది మేనమామే కదా, దానికి రిహార్సల్ వద్దా అని రేణుకే అడిగింది. అదెంత పని, మోసేస్తానన్నాడు. మోశాడు కూడా. పెళ్ళినాడు నాలుగడుగులు వెయ్యగానే బుట్ట ఓ పక్కకు ఒరిగి, రేణుక పురోహితుడి భుజం పట్టుకుని నిలదొక్కుకుంది.

తలంబ్రాలయ్యాయి. రామలింగం వేదిక కింద నిలబడి నంబర్లు పిలవడం మొదలుపెట్టాడు. బొమ్మ కంటే గోపీనాథ్ నాలుగంగుళాలు పొట్టిగా కనిపించాడు. "మూడు!" అని వినపడగానే, కొట్టుగదిలో తాంబూలాలు సర్దుతున్న వెంకటరావమ్మ చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చి కూతురి పక్కన నిలబడింది. పక్కన హనుమయ్య కూడా వచ్చి నిలబడ్డాక గాని ఆవిడ కెమెరా వైపు చూడలేదు. మూత లేదు.

ఆవిడ చెయ్యి పైకి లేచింది.   దీనికి రామలింగం దగ్గర రిహార్సల్ లేదు. ఆ చెయ్యి భుజం దాకా వెళ్ళింది, జారిన పైట సర్దుకుంది, కిందికి దిగింది. కాశిం నొక్కాడు.

పదిరోజులకు కాశిం ల్యాప్‌టాప్ పట్టుకుని ఉయ్యూరు వచ్చాడు. ఎండలో బందరు రోడ్డు మీద అన్ని ఆదివారాలు విసుక్కోకుండా ఎలా వచ్చారని రేణుక అడిగింది.

"మీ మావయ్యగారు మొదటి రోజే మా స్టూడియోలో చెప్పారమ్మా. మా అక్క చెయ్యి పైకి లేవడం మానేదాకా రావాలి, ఎన్ని వారాలైనా సరే అని. నన్ను లెక్కపెట్టమన్నారు. మొదటివారం నోటి మీంచి దిగనేలేదు. రెండోవారం తొమ్మిదిసార్లు లేచింది. ఐదోవారం ఒక్కసారి, అదీ చెమట తుడుచుకోడానికి."

రేణుకకు మావయ్యను తను అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఎదుట రామలింగం ఏమీ ఎరగనట్టు మజ్జిగ తాగుతున్నాడు. ఆ ఫోటో ముందు వెంకటరావమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తరువాత తెర మీద వేలు పెట్టి చూపించింది.

"ఏంటయ్యా కాశిం ఇది? వీళ్ళ నాన్న భుజం అడ్డమొచ్చి నేను సగమే పడ్డాను. మళ్ళీ తియ్యి."